నాలుగు రోజులకి ఒక్క సెకను

చిన్నప్పుడు అక్కాతమ్ముళ్ళు ఆడుకున్న వీడియో గేమ్ పెట్టె ఎప్పుడో కాలిపోయింది. దాని చిప్పును తమ్ముడు మూడేళ్ళు కూర్చుని ఒక్కో తీగ చొప్పున తన కంప్యూటరు ప్రోగ్రాములో మళ్ళీ కట్టాడు. చూద్దామని అక్క వచ్చి అతని కుర్చీ వెనక నిలబడింది.

“ఇంకా మొదటి బొమ్మేనేంట్రా?”

“నాలుగు రోజులకి ఆట ఒక్క సెకను నడిచిందక్కా.”

“నీ కంప్యూటరు దానికంటే వెయ్యి రెట్లు జోరన్నావుగా!”

“జోరే. కానీ ఆ చిప్పులో వేల తీగల్లో కరెంటు ఒక్కసారే మారిపోయేది. నేనేమో ఒక్కోదాన్నీ ‘నువ్వు మారావా’ అని అడగాలి. ఒకటి మారిందంటే పక్కవాటన్నిటినీ మళ్ళీ అడగాలి.”

“నీ నత్తనడకే వచ్చింది దీనికి.”

“కన్నవాడి పోలిక మరి. తీరా ఇప్పుడు బిగుసుకుపోయింది. ఎక్కడో తప్పు చేసి చచ్చాను.”

“తప్పేం లేదురా. ఆ పాత పెట్టె కూడా ఇక్కడే బిగుసుకునేది, మర్చిపోయావా? ఆ చిప్పుకే ఉంది ఆ జబ్బు.”

“అంటే నాది కరెక్టేనా!”

“అచ్చు గుద్దినట్టుంది. అప్పుడైతే దాని నెత్తిన ఒక్కటిచ్చేదాన్ని, కదిలేది.”

“అన్నీ రాశాను గానీ, ఆ దెబ్బొక్కటి రాయలేదక్కా.”

“మరిప్పుడు ఎవరి నెత్తినివ్వను?”

తమ్ముడు కుర్చీ ఆమె వైపు తిప్పి, బుద్ధిగా తల వంచాడు.