సద్దు లేని కారు

అనంతపురంలో రాప్తాడు దారి పక్కన రసూల్ సాబ్ మోటారు షెడ్డు. అమ్మకానికి రెండు పాత కార్లు ఉన్నాయి: ఒకటి పెట్రోలుది, ఒకటి డీజిల్ ఇంజను మార్చి వేసినది. కంబదూరు దగ్గరి పల్లె నుంచి కొండప్ప, అతని భార్య బయమ్మ వచ్చారు. 1964, ఎండాకాలం.

“స్టార్ట్ చెయ్యప్పా రసూలూ అంటి గదా.”

“చేసినా కొండప్పన్నా. ఇంజను నడుస్తాండాది.”

“ఏదీ?”

“బానెట్టు మీద చెయ్యి పెట్టి చూడు.”

“అబ్బ, నిజమే. ఇదప్పా నాకు కావాల్సింది.”

“నడుస్తాండాదో లేదో తెలియని కారు ఏం కారు?”

“నువ్వు ఊరకుండు బయమ్మా.”

“ఊరకుండేదానికి నన్నెందుకు పిల్చుకొస్తివి? రసూలన్నా, ఆ డీజిలుది స్టార్ట్ చెయ్యి. ఈయప్పకు యినిపించు.”

“చేస్తే రాప్తాడుకు గూడా యినబడుతుందక్కా.”

“చెయ్యన్నా.”

“సరే... ఆఁ? ఏమంటాండావక్కా?”

“బాగుండాది అంటాండా! బాగుండాది!”

“ఆపప్పా! ఆపు! పండ్లు ఊడొచ్చేట్లుండాయి!”

“ఆపినా, ఆపినా లే అన్నా.”

“ఇది కారు గాదు రసూలూ. మా బావికాడ ఇంజనుకు తలుపులు పెట్టినట్లుండాది.”

“ఆ ఇంజనుకు పోసే క్రూడాయిలే, ఆ డీజిలే, దీనికీ పోసేది. పీపా మా ఇంట్లోనే ఉండాది. బావిలో నీళ్ళు అడుగంటినాయి, ఆ పీపాను ఏం చేసుకోవాల? పెట్రోలు కావాలంటే కళ్యాణదుర్గం పోవాల. పెట్రోలు తెచ్చుకునేకి పెట్రోలు కాల్చుకుంటా పోతాడంట!”

“పోతా.”

“చెప్పు రసూలన్నా, నువ్వన్నా చెప్పు.”

“అక్క చెప్పేది సరిగానే ఉండాదన్నా. డీజిలు పోయినంత దూరం పెట్రోలు పోదు. కాకపోతే డీజిలుది పొద్దున్నే చలికి లేసేకి మొండికేస్తాది. మన సీమలో చలి యాడిది లే.”

“నాకు పెట్రోలే కావాల.”

“ఎందుకన్నా?”

“కావాల.”

“ఎందుకో చెప్పమనన్నా. రెండు వారాల నుంచి అడుగుతాండా.”

“నీకు డీజిలు ఎందుకో నువ్వు చెప్పు.”

“చెప్తి గదా. పీపా.”

“పీపా గాదు.”

“పీపానే.”

“సరే. రసూలూ, దీన్ని రోడ్డు మీద ఒక తూరి తోలుకొస్తా.”

“తోలుకోన్నా. తాళంచెవి దాంట్లోనే ఉండాది.”

కొండప్ప పెట్రోలు కారు తీసుకుని రోడ్డెక్కాడు.

“పోయినాడా రసూలన్నా?”

“పోయినాడక్కా.”

“చూడు, పోయింది గూడా తెలియలా. నీకు దండం పెడతా, ఆ పెట్రోలుది ఇంకెవరికో అమ్మేసినా అని చెప్పు.”

“ఇప్పుడే తోలుకపోయినాడు గదక్కా.”

“అయితే చెడిపోయిందని చెప్పు. ఏదో ఒకటి చెప్పు.”

“అంత ఏమొచ్చిందక్కా? అన్న ఏమన్నా... కొడతాడా?”

“అయ్యో, ఎప్పుడూ లేదు. ఒక మాట గూడా అనడు. మంచోడు. అన్నం పెడితే తింటాడు, ‘సరే’ అంటాడు, లేస్తాడు.”

“మరి?”

“మరి ఏమీ లేదు.”

“ఏమీ లేకుంటే పెట్రోలుదే ఇస్తా.”

“నవ్వుకుంటామన్నా.”

“ఏమి?”

“ఆయప్ప ఇంట్లో లేనప్పుడు నవ్వుకుంటాము. మా అత్త, నేను, నా తోడికోడలు, పిల్లోళ్ళు. ఎందుకంటే చెప్పేకి రాదు. ఒకరు మొదలుపెడితే ఇంక ఆగేది లేదు. ఇప్పుడు ఆయప్పకుండే మోటారుసైకిలు మిట్ట ఎక్కంగానే యినబడుతుంది. అందరం లేస్తాము, కొంగులు సరిచేసుకుంటాము. ఆయప్ప వాకిట్లోకొచ్చే పొద్దుకు ఇల్లు ఇల్లు మాదిరి ఉంటాది.”

“అన్న ముందర నవ్వితే ఏమి?”

“రాదు.”

“రాకపోయేదేందక్కా?”

“నీకు తెలీదు. ఆ మొగం చూస్తే మాకు రాదు. తప్పు ఆయప్పది గాదన్నా, మొగమే అట్లుండాది. ఒక తూరి, ఉగాది నాడు, ఆయప్పే నవ్వినాడు. అందరం బెదిరిపోతిమి. చిన్నోనికి జరం వచ్చింది.”

“నవ్వితే జరమొస్తాదా?”

“వచ్చింది గదా! రేపు ఈ కారులో సద్దు లేకుండా వచ్చి వాకిట్లో నిలబడినాడనుకో. ఒక్క దినం చాలు. మళ్ళ మా ఇంట్లో ఎవరూ నవ్వరు. ఎప్పుడొస్తాడో, ఎప్పుడొస్తాడో అని వాకిలి చూస్తా కూచుంటాము. నాకు దూరం నుంచి యినబడే బండి కావాల. అంతే.”

“వచ్చినాడక్కా.”

“యాడ? నాకు యినబడలే.”

“ఇదో, నీ ఎనకాలే.”

“అయ్యో!”

“ఏమే, అట్ల ఎగిరిపడితివి?”

“ఏమీ లేదు.”

“ఏం మాట్లాడుతాండారు ఇద్దరూ?”

“పీపా గురించి.”

“సరే.”

“చూస్తివా రసూలన్నా?”

“చూస్తిలే. అక్కా, ఎండలో ఎంతసేపు నిలబడతావు, ఇంట్లోకి పో. మా ఇంటామె అమీర్ బీ చాయ్ పెడతాది.”

“పోతా. చెప్పింది మర్చిపోవద్దు.”

బయమ్మ షెడ్డు వెనక ఉన్న ఇంట్లోకి వెళ్ళింది.

“కొండప్పన్నా, పెట్రోలుది ఇయ్యను.”

“ఎందుకియ్యవు?”

“చెడిపోయింది.”

“ఇప్పుడే తోలుకొస్తి గదప్పా.”

“నువ్వు దిగినంక చెడిపోయింది.”

“రసూలూ.”

“నాకు అబద్ధం చెప్పేకి రాదన్నా. ఇడిసిపెట్టు. ఒక్క మాట అడుగుతా, కోపం చేసుకోవద్దు. సద్దు లేని బండి నీకెందుకు? ఇంట్లోవాళ్ళను దొంగల మాదిరి పట్టుకునేకా? ఏం అనుమానం నీకు?”

“అనుమానమేమీ లేదు. తెలుసు.”

“ఏం తెలుసు?”

“నవ్వుకుంటారు.”

“అల్లా! నీకెవరు చెప్పినారు?”

“ఎవరు చెప్పాల? నా చెవులు లేవా? మిట్టకు అవతలే మోటారుసైకిలు ఆపేస్తా. మిట్ట పైదాకా తోసుకుంటా పోతా. ఆడినుంచి దిగుడే, ఇంటెనక గడ్డివామి దాకా అదే దొర్లుతాది. వామి చాటున కూచుంటా.”

“కూచోని?”

“యింటా. మా యమ్మ నా మాదిరే చేసి చూపిస్తాది. వాకిట్లో నిలబడి మబ్బుకేసి చూసేది, ఎగాదిగా చూసి దగ్గేది. అదే దగ్గు, రసూలూ! డెబ్భై ఏండ్ల ముసల్ది, ఎంత బాగా దగ్గుతాదనుకున్నావు! తుండుగుడ్డ నోట్లో కుక్కుకోని కూచుంటా నేను.”

“నీకు కోపం రాదా?”

“ఎందుకు? నవ్వేది నా ఇల్లే గదా.”

“మరి లోపలికి పోయి వాళ్ళతో కూచోన్నా.”

“పోయి చూసినా. నేను నవ్వితే పిల్లోనికి జరమొచ్చింది.”

“అక్కకన్నా చెప్పు, వామి సంగతి.”

“చెప్తే ఇంక యాడ నవ్వుతారప్పా? వామి చూస్తా కూచుంటారు.”

“మరి దినమూ ఏం చేస్తాండావు?”

“వాళ్ళంతకు వాళ్ళు అలిసిపోయేదాకా కూచుంటా. మళ్ళ మోటారుసైకిలు మిట్ట మీదికి తోసుకోని పోయి, కిక్కు కొట్టి, సద్దు చేసుకుంటా వస్తా. లేసి సర్దుకునేకి వాళ్ళకూ పొద్దుండాల గదా. నడుము పోతాండాది రసూలూ, ఇంక తోయలేను. పెట్రోలు కారైతే సద్దు లేకుండా ఎనక్కి పోయి, మళ్ళ హారన్ కొట్టుకుంటా రావచ్చు.”