కోచ్ మళ్ళీ వచ్చాడు

అలబామాలో ఒక ఇంటి వంటగది. కాలేజీ ఫుట్‌బాల్ కోచ్‌కి, ఆయన జట్టులో ఆడుతూ మెడ విరిగి మంచం పట్టిన డెల్రాయ్ అనే కుర్రాడి తల్లి మొక్కజొన్న రొట్టె వడ్డిస్తోంది. ఆ కాలేజీ స్టేడియానికి మాత్రం ఈ ఏడు కొత్త దీపాలు పెట్టించారు.

"తినండి కోచ్‌గారూ. డెల్రాయ్‌ని మీ జట్టుకి అడగడానికి వచ్చినప్పుడు అడిగి మరీ వేయించుకున్నారుగా. సొంత కొడుకులా చూసుకుంటానన్నారు."

"అన్నానమ్మా. ముప్పై ఏళ్లుగా ప్రతి తల్లికీ అదే చెప్పాను."

"ఇప్పుడు చిన్నాడి కోసం వచ్చారా?"

"కాదు. ఎమిట్‌ని ఈ ఆటకి పంపొద్దని చెప్పడానికి వచ్చాను."

"భలేవారే! వేరే కాలేజీల కోచ్‌లు ఇదే కుర్చీలో కూర్చుని వాణ్ణి అడిగి వెళ్లారు. ఆడితేనే కాలేజీ వాళ్లు ఫీజు కట్టేది. ఆడకపోతే వాడికి చదువు ఎవరు చెప్పిస్తారు? మీరా?"

"నావల్ల కాదు."

"నావల్లా కాదు. అందుకే మీరే తీసుకుపొండి."

"అమ్మా, వీడికీ అలా జరగదని నేను మాటివ్వలేను."

"మాట ఎవరడిగారు? దెబ్బ తగిలితే ఆ వేరే కోచ్‌లు ఫోన్ చేసి ఊరుకుంటారు. మీరైతే ఇంటికొచ్చి చెబుతారు."