దస్తీ వేసిన మెషిన్లు

తార్నాక క్యాంపస్‌లోని కంప్యూటర్ ల్యాబ్. ఒక రీసెర్చ్ స్కాలర్, మెషిన్లు చూసుకునే ఆయన.

"అన్నా, నా ప్రోగ్రాం పొద్దటి నుంచి క్యూలనే ఉన్నది. రేపు మా సార్‌కు రిజల్ట్స్ ఇయ్యాలె."

"మెషిన్లన్నీ బిజీ ఉన్నయమ్మా. కానీ ఏ పనీ జేస్తలెవ్వు. ఎవరో ఉత్తుత్త ప్రోగ్రాములు పెట్టి, బస్సుల సీటుకు దస్తీ ఏసినట్టు ఆపుకున్నరు."

"ఎవరన్నా, గింత స్వార్థం?"

"పేరు నీదే ఉన్నది."

"...పోయిన వారం పెట్టిన. తీసుడు మర్చిపోయిన. తీసెయ్ అన్నా."

"తీస్తా. కానీ క్యూల నీకంటే ముందు సింధూజ ఉన్నది."

"ఆమె ఎప్పుడియ్యాలె?"

"నిన్ననే ఇయ్యాల్సుండె. ఎవరు ఆపిన్రని అడుగుతనే ఉన్నది. ఇగో, మళ్ల ఆమెనే ఫోన్."

స్కాలర్ ఫోన్ కోసం చెయ్యి చాపింది.

"ఇటియ్యి అన్నా. నేనే చెప్తా."