కర్నూలును నంద్యాలకు తిప్పిన రూలు

"...ఒకే ఒక్క గీతప్పా! నేను ఒక్క గీత రాస్తే సర్వరు గమ్మునైపోయె!"

సంజీవయ్య ఆళ్లగడ్డలో జానకమ్మ టీ అంగడి కాడికి వచ్చేసరికే మద్దిలేటి బల్లెక్కి కూర్చుని కోతలు కోస్తాండాడు. శనగ విత్తనాలు కావల్లంటే ఈపొద్దు ఆరుగంటల్లోపల రైతుల సంఘం సైటులో పేరెక్కియ్యాల. ఇప్పుడు నాలుగున్నర. సంజీవయ్య ఎన్నిసార్లు నొక్కినా ఆ సైటు తెరుసుకోదు, 'చాలాసార్లు దారి మళ్లించారు' అని మాత్రం చూపిస్తాది. దాన్ని బాగుచేసింది మద్దిలేటేనంటే ఎతుక్కుంటా వచ్చినాడు.

"మద్దిలేటీ, నా పేరు..."

"ఉండు మామా, ఇను. నంద్యాల వేరే జిల్లా అయినా సంఘం సైటు అడ్రసులో కర్నూలు అనే ఉండె. నన్ను పిలిచిరి. నేనేం చేసినా? ఎవురొచ్చినా, ఏ అడ్రసు కొట్టినా, నంద్యాల పేజీకి పో అని సర్వర్లో రూలు రాసినా. ఆ తర్వాత ఏమయ్యిందో తెలుసునా?"

"ఏమయ్యెన్నా?" అన్నాడు ఆటో స్టీఫెన్.

"రూలు సర్వర్లో నిలబడల్యా, తీగెంబడి బయటికి పొర్లె! కర్నూలు బస్సు డ్రైవరు ఎడమకు తిప్పితే అది కుడికి తిరిగి నంద్యాల బస్టాండులో నిలబడె. కర్నూలు పెండ్లికని పోయిన మగపెండ్లోళ్లు నంద్యాల రైస్ మిల్లులో దిగిరి!"

"మరి పెండ్లికూతురో?" అనె జానకమ్మ.

"ఆయమ్మి గూడా ఆడికే వచ్చె గదత్తా! బియ్యం కుప్ప మీదే తాళి కట్టిరి, తలంబ్రాలకు కొదవే ల్యా! ఇంగ మబ్బులు... కర్నూలు వానంతా నంద్యాల్లోనే కురిసె. అదీ గాదు, కర్నూల్లో తొంభైయేండ్ల ముసలాయప్ప కోసరం యముని బంట్లు వచ్చిరి. పాపం, నంద్యాల్లో ఇల్లిల్లూ అడగతాండారు. ఆయప్ప ఆడ కర్నూల్లో దోసె తింటాండాడు!"

అందురూ పకపకా నగిరి. సంజీవయ్యకు నగు రాలేదు. ఫోను దిక్కు సూసుకుని మెల్లగా అడిగె.

"మద్దిలేటీ, ఎవురొచ్చినా నంద్యాలకు పో అంటాది గదా నీ రూలు. ముందే నంద్యాలకు వచ్చినోన్ని ఏమంటాది?"

"నంద్యాలకే పో అంటాది! మళ్లా వస్తే మళ్లా పో అంటాది! రూలంటే రూలే మామా, ఎవుర్నీ ఇడిసిపెట్టేది ల్యా!"

అనేసినాక మద్దిలేటి వంగి ఫోను దిక్కు సూసె. సంజీవయ్య ఫోను మీద ఇంగా అదే మాట: 'చాలాసార్లు దారి మళ్లించారు'.

"నంద్యాల్లో సంఘం ఆఫీసులో కాగితం మీద గూడా రాసుకుంటారంట, ఆరు దాకా," అనె జానకమ్మ.

సంజీవయ్య ఫోను జేబులో ఏసుకుని పోయి ఆటోలో కూర్చునె. స్టీఫెన్ బండి తీసె. మద్దిలేటి బల్ల మీదనుంచే సూస్తాండాడు. ఆటోలోనుంచి సంజీవయ్య గొంతు అంగడికంతా ఇనపడె:

"బేగా నంద్యాలకు పోనీ స్టీఫెనూ. ఆడికి పోయినాక మాత్రం ఆపు నాయనా."