ముసలాయన పేరు

1982 మార్చి. మిచిగన్ సరస్సు ఒడ్డున రెసీన్ ఊరు. పిల్లాణ్ణి ఇంటి ఓనరు కేరెన్ దగ్గర దింపి, జగదీష్, సుమతి కారులో ఆఫీసులకు బయల్దేరారు.

"కారు వెనక్కి తిప్పండి."

"ఏం మర్చిపోయావు?"

"ఏం మర్చిపోలేదు. పిల్లాణ్ణి ఎత్తుకుంటూ కేరెన్ ఏమందో విన్నారా? 'నీ బూట్లు తుడిచి పెట్టాను' అంది. పాకే పిల్లాడికి బూట్లేంటండీ?"

"పెద్దావిడ. ఏదో ముద్దుకి అనుంటుంది."

"అవి చనిపోయిన వాళ్ళాయన బూట్లు. గుమ్మం దగ్గర పెట్టింది, చూశాను."

"ఆయన పేరు మనవాడికి పెట్టుకున్నాం కదా, ఆ మురిపెం. నీకు నొప్పులొచ్చిన రోజు అంత మంచులో హాస్పిటల్‌కి డ్రైవ్ చేసింది ఆవిడే. రవి పక్కన ఓవ అని చేరిస్తే మన సొమ్మేం పోతుంది అన్నది నువ్వే."

"అన్నాను. కాదనను. బారసాల నాడు మీరు ఆవిడకేం చెప్పారు?"

"నేనేం చెప్పాను... ఓవ అంటే ఏమిటని అడిగాను. పాత డేనిష్ పేరట. పూర్వీకుడని అర్థమట."

"తర్వాత?"

"మనలోనూ పోయినవాళ్ళ పేరు పిల్లలకి పెడతాం అన్నాను."

"అంతేనా?"

"అంతే."

"ఏవండీ."

"ఆ పెద్దాయనే మళ్ళీ పుట్టాడనుకుంటాం అన్నాను. మాటవరసకి, సుమతీ. మా నాయనమ్మ నన్ను మావయ్యగారూ అని పిలిచేది. ఎవరైనా నిజమనుకున్నారా?"

"మనం అనుకోం. ఆవిడకెలా తెలుస్తుంది? అప్పుడేమంది?"

"నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు."

"నాకు భయంగా ఉంది. ఆయన ఎలా పోయాడు?"

"గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టడానికెళ్ళాడట. మంచు విరిగింది. మనిషి దొరకలేదు."

"ఎప్పుడు?"

"మార్చిలోనే. సరిగ్గా ఇవాళ్టి తారీఖేనట. పొద్దున నేను చెత్త బయట పెడుతుంటే చెప్పింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు కంగారు పడతావని. ఉండు, తిప్పుతున్నాను."

"ఇంకేం చెప్పింది?"

"సుమతీ, నేను చర్చికి వెళ్తుందనుకున్నాను."

"ఏం చెప్పిందండీ?"

"'అప్పుడు ఒక్కణ్ణే పంపాను. ఇవాళ ఓవతో నేనూ వెళ్తాను' అంది."