నాలుగంగుళాల గీత

మీ తాత ఏ టీమ్ గొప్పదనేవాడనా అడుగుతున్నావు? చెప్తాను, ముందు కూర్చో. ఆ కుర్చీ కాదమ్మాయ్, దాని కాలు ఊగుతుంది, ఇటు సోఫాలోకి రా. ఉమా, రాధాకృష్ణ మనవరాలు అవని వచ్చింది, కాస్త టీ పెట్టు. ఏవిటీ, రికార్డ్ చేసుకుంటావా? చేసుకో, నాకేం. కాకపోతే నేను తిన్నగా చెప్పను. డెబ్బై తొమ్మిదేళ్ళొచ్చాక తిన్నగా చెప్పడం నావల్ల కావడం లేదు. ఓటింగ్ ఎన్నింటికి క్లోజ్ అవుతుందన్నావు? అయిదింటికా? ఇప్పుడు మూడున్నరేగా, బోలెడు టైముంది.

కాల్డర్ స్టేట్ కాలేజీ వాళ్ళు భలే పని పెట్టారులే. స్టేడియం తూర్పు గోడ మీద ఒకే ఒక్క టీమ్ పేరు, దాని సంవత్సరం, హైవే మీదకి కనపడేటంత అక్షరాల్లో రాయిస్తారట. ఇన్నేళ్ళ ఈ అమెరికా ఫుట్‌బాల్‌లో ఒక్క టీమ్. పాతిక మందిట ఓటేసేది, పాత కోచ్‌లూ, ఆడినవాళ్ళూ, గ్రౌండ్‌లో పనిచేసినవాళ్ళూ. పోయినవాళ్ళ ఓటు ఇంట్లోవాళ్ళు వేయొచ్చన్నారు. మీ తాత పోయి పదమూడేళ్ళయింది, నీకప్పుడు తొమ్మిదేళ్ళు, ఇవాళ ఆయన ఓటు నీ ఫోన్‌లో ఉంది, చూశావా. పొద్దున్న వేన్ ఫోన్ చేశాడు. వేన్ అంటే కౌంటీ రోడ్ల ఆఫీసులో మీ తాతకి బాసు. ఎనభై తొమ్మిదేళ్ళొచ్చినా గొంతు అలాగే ఉంది. "వీరా," అన్నాడు. నా పేరు వీరభద్రరావురా బాబూ అని యాభై ఏళ్ళుగా చెప్తున్నాను, వాడు వీరా దగ్గరే ఆగిపోయాడు. "వీరా, నేను అందరికీ ఫోన్లు చేసి చూశాను. ఎనభై రెండు టీమ్, తొంభై ఆరు టీమ్, ఈ రెండిటి మధ్యే ఉంది. ఒక్క ఓటు అటో ఇటో. ఆ పిల్ల నీ దగ్గరికే వస్తుంది. క్రిష్ ఎనభై రెండే అనేవాడని చెప్పెయ్." రాధాకృష్ణ కూడా వాడి నోట్లో క్రిష్షే. సరే అన్నాను. అవును, అన్నాను. నీ దగ్గర దాచడమెందుకు.

నాకైతే ఓటు లేదు. వాటర్ వర్క్స్ ఇంజనీర్ని, టికెట్ కొనుక్కుని పధ్నాలుగో వరసలో కూర్చున్నవాణ్ణి, నాకెవడిస్తాడు? ఇస్తే మాత్రం ఎనభై రెండే. పన్నెండు ఆడి పన్నెండూ గెలిచారు. ఒక్క ఓటమి కూడా లేని సీజన్ ఆ కాలేజీకి అదొక్కటే. అలాగని చూడ్డానికి అందంగా ఆడారా అంటే, లేదు. బంతి విసరడం వాళ్ళకి పెద్దగా రాదు. డేల్ రకర్ అని క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసరాల్సినవాడు, పత్తి పండించే ఇంటివాడు, సీజన్ మొత్తమ్మీద అరవైసార్లు విసిరాడేమో. మిగతాదంతా బంతి చంకలో పెట్టుకుని దూరడమే. మూడు గజాలు, నాలుగు గజాలు, మళ్ళీ మూడు. కొత్తగా చూసేవాడికి ఆవలింతలొస్తాయి. ముందు వరస అయిదుగురిలో నలుగురు ఆ ఊరివాళ్ళే. ఒకడైతే మా డాట్సన్‌కి టైర్లు మార్చినవాడు. వాళ్ళ గొప్పతనమల్లా పడ్డాక చూడాలి. పడేవాళ్ళు, వెంటనే లేచేవాళ్ళు. ఆఖరి పావుగంటకొచ్చేసరికి అవతలివాళ్ళు మోకాళ్ళ మీద చేతులు వేసుకుని లేస్తూంటే, వీళ్ళు అప్పుడే వచ్చినట్టు నిలబడి ఉండేవాళ్ళు.

తొంభై ఆరు వేరు. అదొక సర్కస్. నవ్వకు, మంచి సర్కస్ అనే అంటున్నాను. మార్కస్ టాలివర్ విసిరితే బంతి యాభై గజాలు వెళ్ళి, పరిగెత్తేవాడి చేతుల్లో తమలపాకు పెట్టినట్టు వాలేది. సగటున గేముకి నలభై నాలుగు పాయింట్లు. ముందు వరసలో ఒక్కొక్కడూ రెండొందల తొంభై పౌండ్లు. ఎనభై రెండు వాళ్ళు రెండొందల ముప్ఫై, అదీ తడిసిన బట్టలతో కలిపి. రెండు టీముల్నీ ఒకే గ్రౌండ్‌లో నిలబెడితే తొంభై ఆరు వాళ్ళు వీళ్ళని అరగంటలో ఇంటికి పంపేస్తారు, ఆ మాత్రం నాకూ తెలుసు. కానీ అలా పోలిస్తే ఎలా? అలాగైతే కింద నువ్వు పెట్టొచ్చిన కారు నా డాట్సన్ కంటే గొప్పదే. ఎవళ్ళ కాలంలో వాళ్ళు తక్కినవాళ్ళని ఎంత వెనకేశారు అన్నది చూడాలి. రెండువేల ఏడు అని కూడా కొందరంటారు. సగం మందిని బయటి కాలేజీల నుంచి తెచ్చుకున్న టీమ్ అది, వదిలెయ్. తొంభై ఆరు వాళ్ళు కూడా వరసగా పదకొండు గెలిచారు. పన్నెండోదే, ఆఖరిదే పోయింది. అది పోయిన తీరు ఉంది చూశావూ... ఉండు, ముందు మీ తాత పనేమిటో చెప్పాలి.

నీకు తెలుసులే, ఉమ కోసం చెప్తున్నా. నలభై ఏళ్ళుగా చెప్తూనే ఉన్నా. నాలుగు ఛాన్సుల్లో పది గజాలు ముందుకెళ్ళాలి. వెళ్తే మళ్ళీ నాలుగు ఛాన్సులు, వెళ్ళలేకపోతే బంతి అవతలివాళ్ళకి. ఆ పది గజాలూ కొలవడానికి చైను ఉంటుంది, రెండు చివర్లా రెండు కర్రలు. కొంతమంది మనుషులు దాన్ని పట్టుకుని గ్రౌండ్ పక్కన నడుస్తూంటారు. వాళ్ళకి పెద్ద వేన్. ఎనభై రెండు ఆగస్టులో మీ తాతని పిలిచి, "క్రిష్, ఇండియాలో సర్వే చేశావుగా, చైను పట్టడం నీకొచ్చు, శనివారాలు రా," అన్నాడు. అలా వెళ్ళినవాడు ఇరవై ఏడు సీజన్లు వెళ్ళాడు. ఆయనది క్లిప్ పని. అయిదేసి గజాలకి గ్రౌండ్‌కి అడ్డంగా తెల్లగీత ఉంటుంది కదా, చైను ఏ గీత మీదుగా పోతోందో అక్కడ చైనుకి క్లిప్ తగిలించాలి. తర్వాత బంతి చేరిందా లేదా అని అనుమానం వస్తే చైనుని మధ్యలోకి మోసుకెళ్తారు, రిఫరీ మనిషి ఆ క్లిప్‌ని అదే గీత మీద ఆనిస్తాడు, చైను బిగలాగుతారు. బంతి ముక్కు ముందు కర్ర దాకా వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. కర్రలు ఎవడైనా పట్టుకుంటాడమ్మా, కొలతంతా క్లిప్‌లో ఉంది. ఎందుకంటావా? గీత సన్నగా ఉండదు, నాలుగంగుళాల వెడల్పు. అందుకని క్లిప్ పెట్టేటప్పుడూ వెనకంచే, కొలిచేటప్పుడూ వెనకంచే. ఆడేవాళ్ళ వెనక కర్ర ఉంటుందే, అటువైపు అంచు. అది గుర్తుపెట్టుకో.

ఇంకో రూలుంది. చైనువాళ్ళు కాలేజీ తరఫు మనుషులే, అయినా చప్పట్లు కొట్టకూడదు, అరవకూడదు, మొహంలో ఏమీ కనపడకూడదు. మీ తాత దానికోసం బుగ్గన లవంగం పెట్టుకునేవాడు. అరవాలనిపిస్తే కొరికేవాడు. గేమ్ ఎంత గట్టిగా సాగిందో ఇంటికొచ్చేటప్పుడు కార్లో వాసన్ని బట్టి నాకు తెలిసిపోయేది. కాల్డర్‌లో అప్పుడు తెలుగువాళ్ళం రెండే ఇళ్ళు, మీదీ మాదీ. ఏడాదికోసారైనా అడిగేవాణ్ణి, "అందరికంటే దగ్గరగా చూసినవాడివి నువ్వు, ఏ టీమ్ గొప్పదిరా?" అని. "పది గజాలు అప్పుడూ పది గజాలే, ఇప్పుడూ పది గజాలే," అనేవాడు. కిటికీలోంచి చూస్తూ అనేవాడు. వీడికి పొగరు అనుకునేవాణ్ణి.

సరే, తొంభై ఆరు. ఆఖరి గేమ్, హాల్బర్ట్ టెక్‌తో. మూడు పాయింట్లు వెనకున్నాం, రెండు నిమిషాలుంది, నాలుగో ఛాన్సు. టాలివర్ విసరకుండా తనే దూకాడు. గుంపు విడదీసి చూస్తే బంతి ఎక్కడుందో ఎవరికీ అర్థం కాలేదు. చైను తెమ్మన్నారు. ఆ నాలుగు ఛాన్సుల ముందు మీ తాత క్లిప్ పెట్టేటప్పుడు మూడుసార్లు వంగి చూడ్డం నేను బైనాక్యులర్స్‌లో చూశాను. ఎవరి తిప్పలు వారివి, నాకది అప్పుడేం తెలుసు. లాగారు. వేలు దూరే సందు. బంతికీ కర్రకీ మధ్య ఒక్క వేలు! అయిపోయింది. ఆ సాయంత్రం కార్లో నేను ఊరుకోలేదు. "మన ఊరు, మన కాలేజీ, నీ చేతిలో క్లిప్పు. ఒక్క వేలు సర్దలేకపోయావురా?" అన్నాను. అన్నానమ్మా, నా నోటితోనే. కారంతా లవంగం వాసన. ఉగాది దాకా మాట్లాడలేదు నేను వాడితో. సోమవారం మీ తాత ఆఫీసుకి వెళ్తే ఎవడో ఆయన టేబుల్ మీద చెక్క స్కేలు పెట్టాడు, మొదటి అంగుళం కోసేసి. దాన్ని పారెయ్యలేదు, రిటైరయ్యేదాకా టేబుల్ మీదే ఉంచుకున్నాడు. ఇక్కడ ఇర్వింగ్‌లో దీపావళి ఫంక్షన్‌కి వస్తే, ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేదే అనుకునేవాళ్ళు కూడా, "ఏవండీ, మీవల్లే ఓడిపోయారటగా?" అని పలకరింపు. "అవునండీ, పులిహోర బావుంది," అని జరిగిపోయేవాడు.

ఇహ నువ్వడిగినదానికొస్తా. రెండువేల పదకొండు. క్లిప్ పని మానేసి మూడేళ్ళు కావస్తోంది, అప్పటికే ఒంట్లో బాలేదు. చూద్దాంరా అంటే తీసుకెళ్ళాను. పధ్నాలుగో వరసలో ఇద్దరం పక్కపక్కన. "ఇప్పుడు చప్పట్లు కొట్టచ్చు కదరా," అంటే, "చేతులు మర్చిపోయాయి," అన్నాడు. సగం ఆట అయ్యాక ఎనభై రెండు టీమ్‌ని గ్రౌండ్‌లోకి పిలిచారు. బట్టతలలూ, పొట్టలూ, ఒకడు కర్ర పట్టుకుని. డేల్ రకర్ చెయ్యి ఊపాడు. జనమంతా లేచారు, నేనూ లేచాను. మీ తాత లేవలేదు. "లేవరా, మనవాళ్ళు," అన్నాను. నా చొక్కా పట్టుకుని లాగి, "వీరభద్రం, వీళ్ళ పన్నెండులో ఒకటి నాది," అన్నాడు.

ఏ గేమో చెప్పాడు, ఎనభై రెండులోది, నాకు గుర్తుంది. వాన, బురద, గీతలు సగం చెరిగిపోయాయి. చివర్లో నాలుగో ఛాన్సు, చైను తెచ్చారు, బంతి రెండు వేళ్ళు దాటింది, తర్వాత టచ్‌డౌన్, ఒక్క పాయింటుతో గెలిచాం. ఆ రోజు బురదలో మీ తాత క్లిప్‌ని ముందంచు మీద పెట్టాడట. రిఫరీ మనిషి మామూలుగానే వెనకంచు మీద ఆనించాడు. అంటే ఏమైంది? చైనంతా నాలుగంగుళాలు వెనక్కొచ్చింది. అందులోంచి రెండు వేళ్ళు తీసెయ్, ఏం మిగిలిందో నువ్వే చూసుకో. చేరలేదు బంతి. పక్కకొచ్చి మళ్ళీ క్లిప్ పెట్టబోతూంటే ఇందాక క్లిప్ పెట్టినప్పుడు బురదలో పడిన తన గుర్తు, గీత ముందంచు దగ్గర, కాలి కింద కనపడిందిట. అప్పుడు తెలిసింది. ఇంకా బంతి ఆడలేదు, చెప్తే మళ్ళీ కొలుస్తారు. "గ్రీన్ కార్డ్ ఇంకా రాలేదు కదా, భయపడ్డావా?" అన్నాను. "చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాన్రా," అన్నాడు. "భయం కాదు. వేన్ నా భుజం మీద కొట్టాడు. వెనక వరసల్లోవాళ్ళు నా పేరు అరిచారు. ఆ ఊళ్ళో జనం నా పేరు పిలవడం అదే మొదలు. బావుంది. అందుకని ఊరుకున్నాను."

మరి తొంభై ఆరులో ఎందుకురా అని అడిగాను. "ఆ రోజు ఎటు పెడితే ఏమవుతుందో ఆ గ్రౌండ్‌లో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. మూడుసార్లు వంగాను. మూడుసార్లూ వెనకంచే పెట్టాను," అన్నాడు. అయితే గొప్పది తొంభై ఆరే అంటావా అన్నాను. నవ్వాడు. "నన్నడక్కు. నా చెయ్యి పడని టీమ్ ఒకటి చూపించు, దాని పేరు చెప్తాను," అన్నాడు. నేనింకా నిలబడే ఉన్నాను. కింద వాళ్ళు చేతులూపుతున్నారు. తెలుసా, నేను చప్పట్లు కొడుతూనే ఉన్నాను, ఆపడం ఎలాగో తెలీలేదు.

వేన్‌కి తెలీదు. ఎవరికీ తెలీదు. ఉమకి కూడా ఇప్పుడే తెలిసింది, ఎలా చూస్తోందో చూడు. ఎనభై రెండు అనేవాడమ్మా అని ఒక్క ముక్క చెప్పి, టీ ఇచ్చి పంపించేద్దామనే అనుకున్నా పొద్దున్న. నువ్వొచ్చి కూర్చుని, మా తాత ఏమనేవాడు అని అడిగావు. ఏమీ అనేవాడు కాదు. ఇరవై తొమ్మిదేళ్ళు నేనడిగితే ఏమీ అనలేదు. ఎందుకో నీకు చెప్పకుండా, ఆ గోడ మీద అంత పెద్ద అక్షరాల కింద ఆయన పేరు నేనెలా పెట్టను? నీ ఫోను, నీ ఓటు. వేన్‌తో నేను మాట్లాడుకుంటాలే. నాకా? నాకిప్పటికీ ఎనభై రెండే, ఏం చెయ్యను. ఆ గీత సంగతి ఆ కుర్రాళ్ళకి తెలీదుగా, వాళ్ళు పడ్డారు, లేచారు. కానీ ఇదివరకు పన్నెండుకి పన్నెండు అని గొంతెత్తి అనేవాణ్ణి, ఇప్పుడు ఆ పన్నెండు దగ్గర కొంచెం నెమ్మదిస్తాను.

ఆ రికార్డింగ్... సరేలే, ఉండనీ. మా పార్కింగ్ లాట్‌లో గీతలు కూడా నాలుగంగుళాలే, తెలుసా? టేపు పెట్టి కొలిచాను ఒకరోజు. ఎందుకో మరి. కారు ఆపినప్పుడల్లా దిగి ఒకసారి చూసుకుంటాను, ఏ అంచు మీదున్నానో... నాలుగున్నరయింది. టీ చల్లారిపోతోంది, తాగు. ఇంతకీ కారు ఎక్కడ పెట్టావు, విజిటర్స్‌లోనేనా? లేకపోతే టో చేసి లాక్కుపోతారు ఇక్కడ, వెళ్ళి చూసుకో.