వజ్రానికి పరీక్ష

నిశ్చితార్థపు ఉంగరంలో వజ్రం మొన విరిగిపోయింది. పెళ్లికొడుకు నిన్ననే ఇచ్చి వెళ్లిన ఆ ఒక పక్క మొనదేలిన పియర్ పండు ఆకారపు రాయిని కూతురు కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూస్తోంది. సోఫాలో ఉన్న తండ్రి పేపర్లోంచి తల ఎత్తలేదు.

"విరిగిన రాయి అంటగట్టాడు నాన్నా. ఇప్పుడే ఫోన్ చేసి, ఈ పెళ్లి వద్దని చెప్పేస్తాను."

"తొందరపడకమ్మా. అబ్బాయి బంగారం."

"నెల్లాళ్లుగా అతన్ని మోసగాడంటున్నది నువ్వేగా?"

"మనిషన్నాక అభిప్రాయం మార్చుకోడా ఏంటి? తప్పంతా నీదే. మొనకి బంగారు తొడుగు వేయిస్తానని షాపువాడు మొత్తుకున్నాడట."

"తొడుగేస్తే ఆకారం కనబడదని ఉంగరం ఎంచుకునేటప్పుడు నేనే వద్దన్నాను. వేలు పొడుగ్గా కనబడాలిగా. అయినా షాపువాడితో నువ్వెప్పుడు మాట్లాడావు?"

"పొద్దున్నే. మొన అతుకుతుందేమో కనుక్కుందామని."

"అది విరిగిందని నాకే ఇప్పుడు తెలిసింది నాన్నా."

తండ్రి పేపర్ మడిచి పక్కన పెట్టాడు.

"అసలు వజ్రం దేనికీ పగలదంటారు కదా తల్లీ. నకిలీది ఇచ్చాడేమోనని సుత్తితో ఒక్కటేశాను. ఇది అసలైనదేనట, అసలైనవి కూడా మొన దగ్గర ఇట్టే విరుగుతాయట, షాపువాడు చెప్పాడు. ఇప్పుడు నాకు అబ్బాయి మీద ఏ అనుమానమూ లేదు."